మీకు తెలుసా? టన్ను దాటిన గుమ్మడికాయ

● పోటీల్లో తూకానికొచ్చే రాక్షస గుమ్మడికాయలు దాదాపు అన్నీ ‘అట్లాంటిక్ జెయింట్’ రకానివే. కెనడాలోని నోవాస్కోషియా రైతు హోవర్డ్ డిల్ ఈ రకాన్ని అభివృద్ధి చేశారు.

● 2014లో స్విట్జర్లాండ్‌కు చెందిన బేని మైయర్ పండించిన కాయ 1,054 కిలోలు తూగి, టన్ను దాటిన తొలి గుమ్మడి అయింది. 2023లో అమెరికాలో ట్రావిస్ గింగర్ కాయ సుమారు 1,247 కిలోలు తూగింది.

● పాదుకు ఒక్క పిందెనే ఉంచి మిగతావి తుంచేస్తారు. ఆకులు తయారుచేసే ఆహారమంతా దానికే. మంచి ఊపు మీదున్నప్పుడు కాయ రోజుకు 15-20 కిలోలు పెరుగుతుంది.

● నేల మీద పాకే తీగ కణుపు కణుపునా వేళ్లు దింపుతుంది. అందుకే రైతులు తీగలపై మట్టి కప్పుతారు. మట్టి లేని హైడ్రోపోనిక్స్‌లో ఆ వెసులుబాటు ఉండదు; భారమంతా తొట్టిలోని వేళ్లదే.

● ఆ వేళ్లకు ఊపిరాడేలా పోషకాల నీటిలోకి నిత్యం గాలి పంపాలి. పీహెచ్ 5.5-6.5 మధ్య ఉండాలి. ఎండ వేళ కరెంటు పోయి మోటారు ఆగితే, వెడల్పాటి ఆకులు గంటల్లోనే వాడిపోతాయి.

● మరీ వేగంగా ఉబ్బిన కాయ చీలిపోతుంది. చీలిక లోపలి గుల్లదాకా పోతే పోటీకి పనికిరాదు.