వేప్ కాయిల్ కడిగితే మళ్లీ పనికొస్తుందా?

దుబాయ్, షార్జాల్లో పనిచేసే మనవాళ్లలో సిగరెట్ వదిలి వేప్ పట్టుకున్నవాళ్లు ఉన్నారు. యూఏఈలో 2019 నుంచి వీటి అమ్మకానికి అనుమతి ఉంది. కానీ పరికరం ఒకసారి కొంటే అయిపోదు. లోపలి కాయిల్‌ను సాధారణంగా వారం, రెండు వారాలకోసారి మార్చాలి. ఆ ఖర్చు తగ్గించుకోవడానికి కొందరు పాతదాన్నే కడిగి వాడుతుంటారు. మరి ఇది ఎంతవరకు పనిచేస్తుంది?

కాయిల్ ఎందుకు పాడవుతుంది?

కాయిల్ అంటే సన్నని లోహపు తీగ. దాన్ని ఆనుకుని దూది ఉంటుంది. దూది ద్రవాన్ని పీల్చుకుంటే, తీగ వేడెక్కి దాన్ని ఆవిరి చేస్తుంది. ద్రవంలో తీపి కోసం కలిపే సుక్రలోజ్ ఆ వేడికి మాడి, అడుగంటిన పాకంలా తీగకు నల్లగా పట్టేస్తుంది. అప్పుడు రుచి మారి మాడు వాసన మొదలవుతుంది.

ఎలా కడుగుతారు?

కాయిల్‌ను విడదీసి గోరువెచ్చని నీళ్లలో జాడిస్తారు. తర్వాత రెండు గంటలు సిర్కాలో (వెనిగర్) నానబెట్టి, మళ్లీ మంచినీళ్లతో కడిగి, కనీసం ఒక రోజంతా ఆరనిస్తారు. వాడేముందు దూదికి ద్రవం పట్టించి పది నిమిషాలు ఆగుతారు. కొందరు సిర్కా బదులు స్పిరిట్ వాడతారు. దానికి మంట త్వరగా అంటుకుంటుంది కాబట్టి తడి ఉండగా ఆన్ చేస్తే ప్రమాదం.

అసలు చిక్కు దూదితోనే

కడిగితే మురికి కొంత పోతుంది. కానీ ఒకసారి మాడిన దూది మళ్లీ బాగుపడదు. దూది మార్చుకునే వీలున్న రకాల్లో తప్ప, మామూలు రెడీమేడ్ కాయిల్‌కు కడగడం వల్ల దక్కేది మహా అయితే కొద్ది రోజులే. ఎండిన దూది, మితిమీరి వేడెక్కిన గ్లిజరిన్ నుంచి ఫార్మాల్డిహైడ్, అక్రోలీన్ వంటి విషపదార్థాలు వస్తాయి. ఆ పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే మాడు వాసన వచ్చిన కాయిల్‌ను కడగడం కాదు, పారేయడమే మేలు.

లోహాల సంగతీ ఉంది. అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు 56 మంది వాడే పరికరాలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. చాలా పరికరాల ఆవిరిలో సీసం, క్రోమియం, నికెల్ వంటివి కనిపించాయి. కాయిల్ శుభ్రంగా ఉన్నంత మాత్రాన ఈ ముప్పు పోదు.

ఇంట్లో పిల్లలుంటే

కడిగిన నీళ్లలో నికోటిన్ ఉంటుంది. అది చర్మం ద్వారా కూడా ఒంట్లోకి చేరుతుంది. వంటగిన్నెలు, టీ కప్పులు ఇందుకు అస్సలు వాడొద్దు. ద్రవం సీసాను పిల్లలకు అందకుండా దాచాలి. వాడి పారేసే రకం వేప్‌ను విప్పే ప్రయత్నమే చేయొద్దు. లోపల లిథియం బ్యాటరీ ఉంటుంది.

సెలవుకి వచ్చేవాళ్లు గుర్తుంచుకోండి

మన దేశంలో 2019 చట్టం ప్రకారం ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, నిల్వ అన్నీ నిషేధం. దిగుమతి చేస్తే మొదటిసారికే ఏడాది వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. కాబట్టి ఇంటికొచ్చేటప్పుడు పరికరం గానీ, కాయిళ్లు గానీ బ్యాగులో పెట్టుకోవద్దు.

పొగాకు అలవాటు మానాలనుకునేవాళ్లకు మన దేశంలో 1800-11-2356 నంబరులో ఉచితంగా సలహా దొరుకుతుంది.