ద్వివర్ణదర్శిని

తెల్లనివన్నీ పాలు కానట్లే ఎర్రనివన్నీ కెంపులు కావు. ఈ మాటకు బ్రిటిషు రాజకిరీటమే సాక్షి. దాని ముందుభాగాన మెరిసే సుమారు 170 కారట్ల 'బ్లాక్ ప్రిన్స్ రూబీ', పేరుకు మాత్రమే కెంపు; నిజానికది స్పినెల్ అనే వేరొక ఖనిజం. లాహోరు ఖజానా నుండి తరలిపోయి 1851లో విక్టోరియా రాణిని చేరిన 'తైమూరు రూబీ'దీ అదే జాతి. మొగలు చక్రవర్తులు తమ పేర్లు చెక్కించుకొన్న రాయి అది! పూర్వపు పరీక్షకులను తప్పుపట్టనక్కరలేదు. ఈ రెండు జాతులకూ రంగు ఒకటే; బర్మాలో గనులూ ఒకటే. 1783లో రోమే ద లీల్ అనే ఫ్రెంచి పండితుడు గాని వీటిని వేరుపరచలేదు.

కంటికందని ఈ భేదాన్ని నేడు అరచేతిలో ఇమిడే చిన్న గొట్టం చూపగలదు. డైక్రోస్కోపు అని దాని పేరు. తెలుగున ద్వివర్ణదర్శిని అనవచ్చు. 19వ శతాబ్దిలో ఆస్ట్రియా ఖనిజశాస్త్రవేత్త హైడింగర్ దీనిని రూపొందించాడు. అందులో ఐస్లాండు స్పార్ అనే స్వచ్ఛమైన కాల్సైటు తునక ఉంటుంది. అక్షరంమీద ఉంచితే అక్షరాన్ని రెండుగా చూపే వింత స్ఫటికమది. తనలో ప్రవేశించిన కాంతిని రెండు పాయలుగా చీలుస్తుంది. అందువల్ల గొట్టం చివరనున్న ఒక్క రంధ్రమే చూచేవారికి ప్రక్కప్రక్కన రెండు కిటికీలుగా కనుపిస్తుంది.

కెంపు కూడ కాంతిని చీల్చేదే. పైగా రెండు పాయలకూ రెండు ఛాయలిస్తుంది. వట్టి కంటికి అవి కలిసిపోయి ఒకే ఎరుపుగా తోస్తాయి. దర్శినిలో మాత్రం ఒక కిటికీలో ఊదా కలిసిన ఎరుపు, రెండవదానిలో నారింజ కలిసిన ఎరుపు విడివిడిగా నిలుస్తాయి. స్పినెల్, గార్నెట్, గాజు ఈ మూడింటికీ రెండు కిటికీలలోను ఒకటే రంగు.

చూడటంలో ఓర్పు అవసరం. తెల్లని వెలుతురు రాతిగుండా రావాలి. గొట్టాన్ని త్రిప్పినప్పుడు రంగులు స్థానాలు మార్చుకొంటే సంశయం తీరినట్లే. కాని ఒకే రంగు కనుపించినంత మాత్రాన తీర్పు చెప్పరాదు. కెంపులో ఒక దిశ ఉన్నది. ఆ దిశగా చూస్తే అదీ ఒక్క రంగునే చూపుతుంది. త్వరపడినవాడు మేలిరాతిని గాజని త్రోసివేస్తాడు. రాతిని నాలుగువైపులా త్రిప్పి చూచిన పిమ్మటనే కాదనే అధికారం వస్తుంది.

ఔననడానికి ఆ అధికారమూ చాలదు. ఎర్రని టూర్మలీను సైతం రెండు ఛాయలు చూపుతుంది. అంతకంటె చిక్కు మరొకటి: 1902లో వెర్నూయి అనే ఫ్రెంచి రసాయనవేత్త కొలిమిమంటలో కెంపును సృష్టించే పద్ధతిని ప్రకటించాడు. పదార్థం అదే గనుక ఆ కృత్రిమపు కెంపు దర్శినిలో అచ్చమైన కెంపువలెనే రెండు రంగులు చూపుతుంది. గ్రహశాంతికని అప్పుచేసి ఉంగరం కొనేవారికి ఈ సంగతి తెలియడం మంచిది. అక్కడ దర్శినిని ప్రక్కన పెట్టి, రాతి గర్భంలో వంపుతిరిగిన సన్నని గీతలకోసం, గాలిబుడగలకోసం భూతద్దంతో వెదకవలసిందే.