అంతస్తుల పెళ్ళి కేకు

అంతస్తుల పెళ్ళి కేకు అనగా వేర్వేరు వ్యాసాలు గల కేకులను, పెద్దది అడుగున, చిన్నది పైన ఉండునట్లు ఒకదానిపై ఒకటి పేర్చిన కేకు. చూపులకు పై కేకు క్రింది కేకు మీద ఆనినట్లు కనిపించినా, దాని బరువును మోసేది లోపల దాగియున్న ఊతకడ్డీలే. ఇంట్లో చేసిన కేకు విందు మొదలవక ముందే ఒరిగిపోయిందంటే, చాలావరకు లోపం ఈ ఊతలోనే ఉంటుంది.

చరిత్ర

ఈ కేకులు బ్రిటిషు రాజకుటుంబ వివాహాల ద్వారా ప్రసిద్ధి పొందాయి. 1858లో విక్టోరియా రాణి పెద్ద కుమార్తె వివాహానికి చేసిన కేకులో అడుగుభాగం మాత్రమే నిజమైన కేకు, పై అంతస్తులు చక్కెరతో చేసినవి. 1882లో రాకుమారుడు లియోపోల్డ్ వివాహంలో అన్ని అంతస్తులూ తినదగినవిగా తయారయ్యాయి. 1947లో ఎలిజబెత్ వివాహపు కేకు నాలుగు అంతస్తులతో సుమారు 9 అడుగుల ఎత్తు ఉండేది. ఆనాటి కేకులు ఎండుపండ్లతో చేసిన గట్టి కేకులు, పైపూత కూడా రాయిలా గట్టిపడేది. నేటి స్పాంజి కేకుకు, వెన్నపూతకు ఆ బలం లేదు. ఊత లేకుండా పేర్చినచో క్రింది కేకు అణగి, ప్రక్కలు ఉబ్బి, పూత పగులుతుంది.

ఊత ఏర్పాటు

ప్రతి అంతస్తును దాని వ్యాసానికి సరిపోయే అట్ట పలకపై ఉంచాలి. ఈ పలక లేనిచో కడ్డీలు పై కేకులోనికే దిగబడతాయి. తరువాత పై కేకు ఆక్రమించే వృత్తాన్ని క్రింది కేకుపై గుర్తించి, ఆ వృత్తం లోపలే కడ్డీలను నిలువుగా గుచ్చాలి. కడ్డీలు అడుగు పలకను తాకాలి. అప్పుడు బరువు పై పలక నుండి కడ్డీలకు, కడ్డీల నుండి అడుగు పలకకు చేరుతుంది, మధ్యనున్న కేకుపై పడదు. 6 అంగుళాల కేకును మోయడానికి సాధారణంగా నాలుగైదు కడ్డీలు చాలును. మూడంతస్తుల కేకులో అడుగు అంతస్తు కడ్డీలు పై రెండింటి బరువునూ మోయవలసి ఉంటుంది కనుక అక్కడ ఎక్కువ కడ్డీలు వాడాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది కొలత. ఒక కడ్డీని కేకు అత్యంత ఎత్తుగా ఉన్నచోట గుచ్చి, పైఅంచు వద్ద గుర్తు పెట్టి, బయటకు తీసి, మిగిలినవన్నీ అదే పొడవుకు కోయాలి. ఏ కడ్డీని ఆచోటి ఎత్తుకు కోసినచో కేకులోని ఎగుడుదిగుడులే పై అంతస్తుకూ వచ్చి అది వాలిపోతుంది. కొయ్య కడ్డీలకు బదులు లావుపాటి ప్లాస్టిక్ స్ట్రాలను కూడా వాడతారు. ఇవి కత్తెరతో సులువుగా తెగుతాయి, తేలికైన కేకులకు సరిపోతాయి. పళ్ళుకుట్టుకునే పుల్లలు మాత్రం వాడరాదు, అవి ముక్కలలో ఉండిపోయి తినేవారికి గుచ్చుకుంటాయి.

ఈ కడ్డీలు బరువును మోస్తాయే కాని ప్రక్కకు జారడాన్ని పూర్తిగా ఆపలేవు. అందుకై మొన చెక్కిన ఒక పొడవాటి కడ్డీని అన్ని అంతస్తుల మధ్యగా, అట్టలను చీల్చుకొని అడుగు పలకలో దిగేవరకు కొడతారు.

రవాణా, వడ్డన

అంతస్తులను చల్లబరచి, విడివిడిగా తీసుకొనిపోయి విందు జరిగేచోట పేర్చడం క్షేమకరం. ఎండ వేడికి వెన్నపూత మెత్తబడుతుంది కావున తెలుగునాట వేసవి పెళ్ళిళ్ళలో ఇది మరింత అవసరం. క్రైస్తవ వివాహ విందులలో కేకు కోసే ఆచారమున్న ఇక్కడ, కొన్నిచోట్ల థర్మోకోల్ దిమ్మెలకు పూత పూసి ఎత్తు పెంచుతారు. వాటికి ఈ బాధ తక్కువ.

కోసేటప్పుడు ముందు మధ్య కడ్డీని పైకి లాగి, పై అంతస్తు నుండి ఒక్కొక్కటిగా దించాలి. ఎన్ని కడ్డీలు గుచ్చినదీ వడ్డించేవారికి ముందే చెప్పి, అన్నీ బయటకు వచ్చాయో లేదో లెక్కచూసుకోవాలి.