తూటా కొరికితే ఏమవుతుంది?



మొన్న యూనిట్ టెస్టులో ఇంగ్లీషు వాక్యాలు ఇచ్చి తెలుగులోకి మార్చమన్నారు. అందులో ఒకటి ‘హి బిట్ ద బుల్లెట్ అండ్ టోల్డ్ ద ట్రూత్’. బిట్ అంటే కొరికాడు అని నాకు తెలుసు. బుల్లెట్ అంటే తూటా అనీ తెలుసు. ఇంకేం, ‘అతడు తూటా కొరికి నిజము చెప్పెను’ అని ధైర్యంగా రాసేశాను. పేపర్లు ఇచ్చేరోజు అది క్లాసులో అందరికీ చదివి వినిపించారు. ఒకటే నవ్వులు. ఆ రాత్రి మెస్సులో కూడా ‘నీకు సాంబారు వెయ్యాలా, తూటా వెయ్యాలా?’ అని అడిగారు.

నవ్వితే నవ్వారు గాని, నా అనుమానం మాత్రం తీరలేదు. ఒక్కొక్క మాటకు అర్థం సరిగ్గానే రాశాను కదా, అన్నీ కలిస్తే తప్పెలా అయింది? స్టడీ అవర్ అయ్యాక ఇంగ్లీషు సారు దగ్గరికి వెళ్ళి అదే అడిగాను. ‘మాటకు మాట పెట్టావు. ఆ మాట ఎక్కడ పుట్టిందో చూడలేదు’ అని, లైబ్రరీ బీరువాలోని పెద్ద నిఘంటువు తీసి ఇచ్చారు. రెండు వారాలు దానితో కుస్తీ పట్టి, తెలియనివి సారుని అడిగి తెలుసుకున్న సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

ముందు మన తెలుగు సంగతి చూద్దాం. ‘వాడిది శల్య సారథ్యం’ అంటే, పక్కనే ఉండి సాయం చేస్తున్నట్టే చేసి మనసు విరిచేవాడని మనకు తెలుసు. కురుక్షేత్రంలో కర్ణుడి రథం తోలుతూ శల్యుడు ఆ పనే చేశాడు. భారతం తెలియని ఇంగ్లీషువాడికి ‘శల్యుడు రథం తోలాడు’ అని మాటకు మాట చెప్తే వాడికేం అర్థమవుతుంది? వాళ్ళ జాతీయాలు మన దగ్గరికి వచ్చినప్పుడూ అంతే. వాటిలో చాలా వాటికి యుద్ధాలే పుట్టిల్లు.

తూటా సంగతి

ఆపరేషన్ ముందు మత్తు ఇవ్వడం అమెరికాలోని బోస్టన్ ఆస్పత్రిలో 1846లో అందరి ముందూ చేసి చూపించారు. అప్పుడు ఇచ్చింది ఈథర్ అనే మందు. అంతకు ముందు యుద్ధంలో కాలు పుచ్చిపోతే మెలకువగా ఉండగానే కోసేవారు. అరవకుండా, నాలుక కొరుక్కోకుండా సైనికుడి పళ్ళ మధ్య సీసపు తూటా పెట్టేవారని చెప్తారు. సీసం మెత్తన కాబట్టి పళ్ళు విరగవు. ఇంకో సంగతి కూడా ఉంది. బ్రిటిష్ సైన్యంలో తప్పు చేసిన సిపాయిని కొరడాతో కొట్టేవారు. దెబ్బలకు అరిస్తే పరువు తక్కువని కొందరు తూటా నములుతూ ఓర్చుకునేవారని 18వ శతాబ్దం చివరలో ఫ్రాన్సిస్ గ్రోస్ తన నిఘంటువులో రాశాడు.

అంటే ‘బైట్ ద బుల్లెట్’ అంటే తప్పించుకోలేని కష్టాన్ని నోరెత్తకుండా ఓర్చుకోవడం. మరి తెలుగులో దీన్ని ఏమనాలి? మనకు ముందునుంచీ ఉన్నదే, ‘పంటి బిగువున’ భరించడం! వాళ్ళ మాటలో పళ్ళ మధ్య తూటా ఉంది, మన మాటలో వట్టి పళ్ళే ఉన్నాయి. బాధ మాత్రం ఒక్కటే. ఇప్పుడైతే ఆ వాక్యాన్ని ‘గుండె దిటవు చేసుకొని నిజం చెప్పేశాడు’ అని రాస్తాను. ఎందుకంటే ఆ వాక్యంలో కష్టం నిజం చెప్పడమే. సందర్భాన్ని బట్టి తెలుగు మాట కూడా మారుతుంది.

పెనంలో మెరుపు కాదు

‘ఫ్లాష్ ఇన్ ద పాన్’ అని ఇంకొకటి ఉంది. పాన్ అంటే పెనం కదా అని ‘పెనంలో మెరుపు’ అని రాసేరు, జాగ్రత్త! పాతకాలపు చెకుముకి తుపాకీకి పక్కన చిన్న గిన్నెలాంటిది ఉండేది. అదే పాన్. అందులో కొంచెం మందు పోస్తారు. మీట నొక్కితే చెకుముకి రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ ఆ మందులో పడుతుంది. ఆ మంట చిన్న బెజ్జం గుండా గొట్టంలోకి పోతేనే తుపాకీ పేలుతుంది. ఒక్కోసారి గిన్నెలో మందు మాత్రం భగ్గుమని, గొట్టంలోది అంటుకోదు. వెలుగూ పొగా తప్ప తూటా రాదు. మొదట ఆర్భాటం చేసి తర్వాత చల్లారిపోయే దాన్ని అందుకే అలా అంటారు. మనం ‘తుస్సుమంది’ అంటాం. దీపావళి నాడు పేలని టపాకాయ అందరమూ చూసిందే. మనిషిని గురించైతే ‘ఆరంభశూరత్వం’ అనొచ్చు.

ఆ తుపాకీ నుంచే ‘లాక్, స్టాక్ అండ్ బ్యారెల్’ కూడా వచ్చింది. ఇక్కడ లాక్ తాళం కాదు, మందు అంటించే యంత్రం. స్టాక్ సరుకు కాదు, చెక్క భాగం. బ్యారెల్ పీపా కాదు, గొట్టం. ఈ మూడూ కలిస్తే మొత్తం తుపాకీ. కాబట్టి ‘ఏదీ మిగల్చకుండా మొత్తం’ అని అర్థం. ఊరు వదిలి వెళ్ళేవాళ్ళ గురించైతే ‘తట్టా బుట్టా సర్దుకొని’ అంటే సరిపోతుంది.

గెలిచి ఏడ్చిన రాజు

గ్రీకు దేశం వాయవ్యాన ఎపిరస్ అనే రాజ్యం ఉండేది. దాని రాజు పిర్రస్ క్రీ.పూ. 279లో ఇటలీలోని అస్కులం దగ్గర రోమన్లతో పోరాడి గెలిచాడు. కాని మంచి మంచి సేనానులు, స్నేహితులు చాలామంది చచ్చిపోయారు. ఎవరో వచ్చి అభినందిస్తే, ఇలాంటి గెలుపు ఇంకొకటి వస్తే మన పని అయిపోయినట్టే అన్నాడని ప్లూటార్క్ రాశాడు. అందుకే అటువంటి గెలుపు ‘పిర్రిక్ విక్టరీ’ అయింది. దీనికి తెలుగు కోసం ఎంతో వెతికాను. చివరికి మా తాత మాట గుర్తొచ్చింది. భూమి తగాదాల మాట వస్తే ఆయన అనేవాడు, ‘ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చాడంట’ అని. తాతకు పిర్రస్ ఎవరో తెలియదు. సంగతి మాత్రం తెలుసు.

డెడ్‌లైన్

దీని గురించి చదివాక చాలాసేపు ఏమీ చదవబుద్ధి కాలేదు. అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతున్న 1864లో, జార్జియా రాష్ట్రంలోని ఆండర్సన్‌విల్ దగ్గర దక్షిణాది సైన్యం ఖైదీల శిబిరం పెట్టింది. చుట్టూ దుంగల గోడ. గోడకు లోపల సుమారు 19 అడుగుల దూరంలో గుంజలు పాతి, వాటిమీద సన్నటి కర్రలు కొట్టారు. దాని పేరే డెడ్‌లైన్. దాన్ని దాటిన ఖైదీని కావలివాళ్ళు అక్కడికక్కడే కాల్చేయొచ్చు. 14 నెలల్లో అక్కడికి వచ్చినవాళ్ళు సుమారు 45,000 మంది. చచ్చిపోయినవాళ్ళు 13,000 మందికి దగ్గర. ఎక్కువమంది పోయింది తూటాలకు కాదు, తిండి లేక, విరేచనాలు పట్టుకొని.

తర్వాత రోజుల్లో అమెరికా పత్రికాఫీసుల వాళ్ళు వార్త ఇవ్వవలసిన ఆఖరి సమయానికి ఆ మాట వాడసాగారు. అక్కడినుంచి ప్రపంచమంతా పాకింది. మన నోటీసు బోర్డులో ‘స్కాలర్‌షిప్ ఫారాలకు డెడ్‌లైన్’ అని చూసినప్పుడల్లా నాకు ఆ కర్రలే గుర్తొస్తున్నాయి. తెలుగులో ‘గడువు’ అంటే చాలు. మన గడువులో చావు లేదు. బతిమాలితే ఒకరోజు పొడిగిస్తారు కూడా. (వార్డెన్ సారు ఇది చదువుతారని తెలిసే రాస్తున్నాను.)

ఆఖరుగా ఒక మాట. మా ఇంట్లో కోయ మాట్లాడతాం. నేను మూడో తరగతిలో హాస్టలుకి వచ్చినప్పుడు తెలుగు అంతంత మాత్రమే. ఒకరోజు ఏదో చెప్పబోతే ఒక అన్న ‘ఏంట్రా, నా చెవిలో పూలు పెడుతున్నావా?’ అన్నాడు. నేను నిజంగా అతని చెవివైపు చూశాను. పువ్వు లేదు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియడానికి నాకు ఏడాది పట్టింది. తూటా కొరికినందుకు నవ్వినప్పుడు నాకు ముందు ఆ చెవే గుర్తొచ్చింది. రెండుసార్లూ నా తప్పు ఒక్కటే, మాటలు తెలిసి కథ తెలియకపోవడం.

జూన్‌లో కొత్తపిల్లలు వస్తారు. కొందరు కోయ, కొందరు సవర, కొందరు కువి మాట్లాడతారు. వాళ్ళు తెలుగులో ‘తూటాలు కొరుకుతారు’. నవ్వొస్తే నవ్వండి, కాని ఆ వెంటనే కథ కూడా చెప్పండి.

ఈ కాగితం కింద జానెడు చోటు వదిలాను. ‘పంటి బిగువున’ అనే దానికి మీ ఇంటి భాషలో ఏమంటారో పెన్సిలుతో రాయండి. కోయ మాట ముందే నేను రాసి ఉంచాను. తప్పుంటే దిద్దండి.

— 9వ తరగతి విద్యార్థి