నక్షత్ర తాబేటి పిల్లను పెంచగలమా?

తొలకరి వానలు పడ్డాయి. రాయలసీమలో ఒక చిట్టడవి అంచున మీరు నడుస్తున్నారనుకోండి. గడ్డిదుబ్బు పక్కన నిమ్మకాయంత ప్రాణి ఒకటి మెల్లగా కదులుతోంది. వీపు మీద పసుపు, నలుపు చారలు. అది పెరిగేకొద్దీ ఆ చారలు కిరణాల్లా చీలి, ఒక్కొక్క పలక మీద ఒక్కొక్క చుక్క పొడిచినట్లు కనిపిస్తుంది. అదే నక్షత్ర తాబేలు. గుడ్డు నుంచి వెలువడినప్పుడు దాని పొడవు సుమారు 4 సెంటీమీటర్లు మాత్రమే!

ఇంటికి తీసుకుపోయి పెంచుకోవాలని ఎవరికి అనిపించదు? అయితే ముందు ఒక ప్రశ్న వేసుకుందాం. దానికి కావలసినవన్నీ మన ఇంట్లో ఉన్నాయా?

నీళ్ల తొట్టి దాని ఇల్లు కాదు

తాబేలు అనగానే చాలామంది బకెట్ నిండా నీళ్లు పట్టి అందులో వదులుతారు. ఇది మొదటి పొరపాటు. చెరువు తాబేలు కాలివేళ్ల నడుమ పలుచని చర్మం ఉంటుంది. అందుకే ఆ కాళ్లు తెడ్లలా పనిచేస్తాయి. నక్షత్ర తాబేటి కాళ్లు ఏనుగు కాళ్లలా గుండ్రని స్తంభాలు. నడవడానికే తప్ప ఈదడానికి పనికిరావు. లోతు నీటిలో వేస్తే అది మునిగి చనిపోతుంది.

మనం ఉదరవితానం సాయంతో గాలి పీల్చుకుంటాం. తాబేలుకు అటువంటిది లేదు. కాళ్ల దగ్గరి కండరాలు, పొట్ట కండరాలు కదలడం వల్లనే దాని ఊపిరి ఆడుతుంది. ఊపిరితిత్తులలో నీరో కఫమో చేరితే మనలాగా గట్టిగా దగ్గి బయటికి నెట్టలేదు. తాగడానికీ, ఒళ్లు తడుపుకోవడానికీ లోతులేని పళ్లెంలో నీళ్లు చాలు.

చిప్ప అంటే ఎముకే

తాబేలు తన చిప్పను చొక్కాలా విప్పి పక్కన పెట్టగలదా? పెట్టలేదు. పక్కటెముకలూ వెన్నుపూసలూ వెడల్పై, ఒకదానితో ఒకటి అతుక్కుపోగా ఏర్పడినదే ఆ చిప్ప. పైన కనిపించే పలకలు మన గోళ్లలాగే కెరాటిన్ అనే పదార్థంతో తయారవుతాయి. ఆ పలకల అడుగున నరాలున్నాయి. కాబట్టి చిప్పను ముట్టుకుంటే దానికి తెలుస్తుంది. చిప్పకు రంధ్రం చేసి తాడు కట్టడమంటే ఎముకకు మేకు కొట్టడమే!

ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మానికి తగిలితే ఆ విటమిన్ తయారవుతుంది. గాజుపెట్టెలో పెట్టి కిటికీ దగ్గర ఉంచితే సరిపోదా? సరిపోదు. వేడినీ వెలుతురునీ లోనికి రానిచ్చే గాజు, విటమిన్‌కు అవసరమైన కిరణాలను మాత్రం దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. పిల్ల ఎండలోనే ఉన్నట్లు కనిపిస్తుంది కాని, దాని చిప్ప మెత్తబడిపోతూ ఉంటుంది.

పోనీ, గాజుపెట్టెను ఆరుబయట ఎండలో పెడితే? లోపలి గాలి కాగిపోతుంది. తాబేలు శీతలరక్త ప్రాణి. ఒంటి వేడిని చోటు మార్చుకుంటూ సరిచేసుకోవాలి. అడవిలో అది పొద్దున ఎండ కాచుకుంటుంది, మధ్యాహ్నం పొద కిందకు చేరుతుంది, చల్లబడ్డాక మేతకు వస్తుంది. పెట్టెలో నీడ ఎక్కడ వెతుక్కుంటుంది?

పెరుగన్నం పెట్టవచ్చా?

ప్రేమకొద్దీ మనం తినేవే దానికీ పెడతాం. కాని దాని ఆహారం గడ్డి, లేత ఆకులు, రాలిన పూలు, పండ్లు. పీచును పులియబెట్టి జీర్ణం చేసే సూక్ష్మజీవులు దాని పేగులలో ఉంటాయి. అన్నం, రొట్టె, పాలు వాటి పనిని చెడగొడతాయి. పాలకూర మంచిదే కదా అనుకుంటాం. రోజూ అదే పెడితే అందులోని ఆక్సాలిక్ ఆమ్లం కాల్షియాన్ని పట్టేసుకుని ఒంటబట్టనివ్వదు.

గాలిలోని తేమ కూడా ముఖ్యమే. ఆఫ్రికా సల్కాటా తాబేటి పిల్లలపై జరిపి 2003లో ప్రచురించిన పరిశోధనలో, పొడి గాలిలో పెరిగిన పిల్లల చిప్పలు బుడిపెలు బుడిపెలుగా వికారంగా పెరిగినట్లు తేలింది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఇంకొకటుంది. తాబేలు ఏడవదు, మూలగదు. చాలా రోజులు తిండి లేకుండానే నెట్టుకురాగలదు. అందువల్ల జబ్బు ముదిరేదాకా మనకు తెలియదు. ‘మొన్నటిదాకా బాగానే ఉందే!’ అని మనం అనుకునే తాబేలు నిజానికి నెలల తరబడి నీరసించిపోతూ ఉండవచ్చు.

చట్టం ఏమంటుంది?

నక్షత్ర తాబేలును పట్టడం, కొనడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ప్రకారం నేరం. ఇంట్లో ఉంటే అదృష్టమన్న నమ్మకంతో కొనేవారున్నారు. విదేశాలకు దొంగచాటుగా తరలించేవారూ ఉన్నారు. సంచులలో కుక్కి తీసుకుపోయేటప్పుడు ఎన్నో దారిలోనే చనిపోతాయి. అందుకే 2019లో అంతర్జాతీయ ఒప్పందం ‘సైటిస్’ దీనిని అత్యంత కట్టుదిట్టమైన మొదటి అనుబంధంలో చేర్చింది.

మరి కనిపిస్తే ఏం చేయాలి? పొదల్లో ఉంటే అలాగే వదిలేయండి. రోడ్డు దాటుతుంటే, వాహనాలు రాకుండా చూసుకుని, అది వెళ్తున్న వైపుకే దాటించండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి. తాబేళ్ల ఒంటి మీద సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. పిల్లలకు ఈ జబ్బు సోకుతున్నందువల్లనే అమెరికాలో 4 అంగుళాలకన్నా చిన్న తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. ఎవరి ఇంట్లోనైనా ఇప్పటికే ఉంటే, పెద్దల సాయంతో అటవీ శాఖకు అప్పగించండి. మీ అంతట మీరు ఏదో ఒక అడవిలో వదలకండి. ఇంట్లో సోకిన జబ్బును అది అక్కడి తాబేళ్లకు అంటించవచ్చు.

తాబేలును చూడాలని ఉంటే జంతుప్రదర్శనశాలకు ఒక నోటుపుస్తకం తీసుకుని వెళ్లండి. వీపు మీద పెద్ద పలకలెన్నో లెక్కపెట్టండి. నడుమ 5, ఇరువైపులా నాలుగేసి, మొత్తం 13 ఉండాలి. అది ఎండలో ఎంతసేపుంది, నీడలోకి ఎప్పుడు వెళ్లింది, ఏం తిన్నది రాసుకోండి. అరగంట ఓపికగా కూర్చుంటే చాలు, తాబేలు తన సంగతులు తానే చెబుతుంది.