పాతసీసా చెప్పు సాక్ష్యము

మన యిండ్లలో పాతబియ్యమునకును, పాతబెల్లమునకును గల గౌరవము అందరును ఎరిగినదే. ఆసవారిష్టములు పాతబడిన కొలదియు గుణవంతములగునని వైద్యులందురు. అయితే ఆ బియ్యము ఏ యేటిదని ఎవరైన అడిగినచో, ఇంటిపెద్ద మాటయే ప్రమాణము. సీసామీద 1795 అని వ్రాసియున్న ద్రాక్షాసవమునకు అట్టి సాక్షి యెవరును మిగిలియుండరు. ఆ అంకెను నమ్ముట యెట్లు? మదీరా ఆసవము విషయమున ఈ ప్రశ్న మిక్కిలి చిక్కైనది. ఏలయన, అది నిజముగనే రెండువందల యేండ్లు చెడక నిలువగలదు.

మదీరా, ఆఫ్రికా వాయవ్య తీరమునకు దూరముగా అట్లాంటిక్ సముద్రములోనున్న పోర్చుగీసు దీవి. పదునెనిమిదవ శతాబ్దిలో ఈస్టిండియా కంపెనీ ఓడలు అచ్చటి ఫుంషాల్ రేవున ఆగి, ఆసవపు పీపాలను ఎక్కించుకొని మద్రాసు, కలకత్తా పట్టణములకు వచ్చెడివి. త్రోవలో చెడకుండుటకై అందు కొంత ద్రాక్షసారా కలుపుట క్రమముగా అలవాటైనది. భూమధ్యరేఖను రెండుమారులు దాటి, ఓడ అడుగున వేడికి మ్రగ్గిన ఆ పీపాలలోని ఆసవము చెడుటకు మారుగా మరింత రుచికరమైనదట! సముద్రమార్గమున పోయి తిరిగివచ్చిన దానికి ప్రత్యేకమైన పేరే ఏర్పడినది: 'వీన్యు ద రోద'. ప్రదక్షిణము చేసివచ్చిన ఆసవమని మనము చెప్పుకొనవచ్చును. తరువాతి కాలమున ఓడకు బదులు, ఎండవేడి తగులు అటకలలో పీపాలను ఏండ్ల తరబడి ఉంచుట ఆచారమైనది. ఇతర ఆసవములను పాడుచేయునవి వేడియు, గాలియు. ఈ రెండును మదీరాను పుట్టుకనాడే తాకియుండుటచే, పిదప చెరుపుటకు వానికి పెద్దగా పని మిగులదు.

ఇక సీసామీది అంకె సంగతి. 'సొలేరా' అను పద్ధతి యొకటి కలదు. పీపానుండి కొంత తీసి, ఆ లోటును అంతకంటె లేతదానితో నింపుచుందురు. అట్టి సీసాపై 1850 అని యున్నచో, అది ఆ పీపాను ప్రారంభించిన యేడు మాత్రమే. లోపలిదానిలో ఆనాటి పాలు మిక్కిలి స్వల్పము. కావున ఆ ఒక్క మాట సీసాపై ఉన్నదా, చెరిగిపోయినదా అని మొదట చూడవలెను. మదీరా సీసాలపై కాగితపు చీటీలకు మారుగా తెల్లరంగుతో అచ్చురేకు అక్షరములు వేయుట పరిపాటి. రంగు రాలినచో సగము చరిత్ర రాలినట్లే.

సీసా గాజు కూడ సాక్ష్యము చెప్పును. మూడు భాగముల అచ్చుతో సీసాలు చేయు పద్ధతికి బ్రిస్టల్ నగరమున హెన్రీ రికెట్స్ 1821లో పేటెంటు పొందెను. అచ్చుగీత మూతి అంచువరకు ప్రాకినచో అది సాధారణముగా ఇరువదవ శతాబ్దపు యంత్రనిర్మితము. కాని తొందరపడరాదు. మదీరాను పీపాలలోను, పెద్ద గాజుబుడ్లలోను దశాబ్దముల తరబడి ఉంచి ఆపై సీసాలకెత్తుట కలదు. బిరడాలను నడుమ నడుమ మార్చుటయు కలదు. కావున క్రొత్త బిరడా మోసమునకు గుర్తు కాదు, పాతసీసా సత్యమునకు హామీయు కాదు.

కథలు మరింత ప్రమాదకరములు. 1815లో నెపోలియన్‌ను సెయింట్ హెలీనాకు కొనిపోవుచున్న ఓడ ఫుంషాల్ వద్ద ఆగినది, ఇది చరిత్ర. బ్రిటిషు కాన్సల్ ఆయనకిచ్చిన 1792 నాటి పీపా ముట్టబడకయే దీవికి తిరిగివచ్చెననునది కథ. సీసా అమ్ముడుపోవునది ఎక్కువగా కథ వలననే! నా మట్టుకు ఇల్లు కదలని సీసాను ఎక్కువ నమ్ముదును. 2015లో న్యూజెర్సీలోని లిబర్టీ హాల్ మ్యూజియమును బాగుచేయుచుండగా, మద్యనిషేధ కాలమున కట్టిన గోడ వెనుక 1796 నాటి మదీరా పెట్టెలు బయటపడినవి. అచ్చట గోడయే సాక్షి.

నాలుక ఏమి చెప్పగలదు? పాత మదీరాలో అక్రోటు, నారింజతొక్క, మాడిన పంచదార వాసనలు తోచునని రుచిచూచువారందురు. ఆ పరిమళమునకు మూలమైన పదార్థములలో సొటొలాన్ ఒకటి. చిత్రమేమనగా, మన మెంతుల వాసనకు ప్రధానకారణము అదియే. పోపులడబ్బా తెరచు గృహిణికి ఈ పరిమళము కొంత పరిచితమే యన్నమాట. వయస్సుతో అది పెరుగును. కాని వేడిచేసినను త్వరగా పుట్టును. కావున నాలుక 'పాతది' అనగలదు గాని యేడు చెప్పజాలదు. ప్రయోగశాలకును మేర కలదు. అణుబాంబులు ప్రేలక పూర్వపు పంటలో కానరాని సీసియం-137ను, సీసా తెరువకయే గామా కిరణముల వలన కనిపెట్టవచ్చును. అది కనబడినచో 1795 అనుమాట అబద్ధము. కనబడనిచో 1795యో, 1895యో తేలదు.

ఇంత శ్రమ ఏల యందురేమో! 1851లో బూజుతెగులు, 1872లో ఫిలాక్సెరా పురుగు ఆ దీవి ద్రాక్షతోటలను నాశనము చేసినవి. తెరాంతెజ్ వంటి జాతులు దాదాపు అంతరించినవి. ఆ తోటల రుచి ఆనాటి సీసాలలో తప్ప మరెక్కడను లేదు. అంకె అబద్ధమైనచో, లేని తోటను ఉన్నదని వ్రాసికొందుము. నిజమని తేల్చుకొనుటకు సీసా తెరచితిమా, లోకమున ఒకటి తగ్గినట్లే.

అందుచే తెలిసినవారు ఒంటరిగా తెరువరు. పలువురు కూడి, బిరడాపై ముద్రను, మట్టమును, అడుగున మడ్డిని ముందుగా వ్రాసికొని, తలకొక గుక్కెడు పంచుకొందురు. ఖాళీసీసాను దాచియుంచుదురు. త్రాగిన గ్లాసును కడుగక, మరునాటి ఉదయము మరల వాసనచూచి, తోచినది వ్రాసికొనువారును కలరు.