కనిపించని నీటికి పంపకం: పంట - నీటి లెక్కల అనుభవం

వ్యాససంగ్రహం:
ఒకే భూగర్భ జలపొరపై ఆధారపడిన ఇరుగుపొరుగు గ్రామాలు పరిమిత జలాన్ని ఎలా లెక్కించుకుంటాయి, ఆ లెక్కకు ఎంతవరకు కట్టుబడతాయి అన్న ప్రశ్నలను పూర్వపు ఆంధ్రప్రదేశ్ అనుభవం ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: భూగర్భజలం, పంట - నీటి లెక్క, బోరుబావి, సామూహిక నిర్ణయం.

1. ఉపోద్ఘాతం:
చెరువు నీరు కంటికి కనిపిస్తుంది. నీటిమట్టం తగ్గితే ఆయకట్టులో ఎంతమేర నాట్లు వేయాలో ఊరు ముందే నిర్ణయించుకునేది. ఆ నిర్ణయాన్ని నీరటి అమలుచేసేవాడు. బోరుబావి ఈ వ్యవస్థను దెబ్బతీసింది. నీరు కంటికి కనబడకుండా పోయింది, పంపకం వ్యక్తిగత నిర్ణయమైంది. 1882 నాటి భారత సౌకర్యహక్కుల చట్టం భూయజమానికి తన నేల కింది నీటిని తోడుకునే హక్కును గుర్తించింది. కానీ జలపొర పొలం గట్ల దగ్గర ఆగదు. ఒకరు లోతుగా తవ్వితే పక్కవారి బోరు ఎండుతుంది.

2. ప్రాజెక్టు స్వరూపం:
ఈ సమస్యకు సమాధానంగా 2003లో ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య ప్రాజెక్టు మొదలైంది. అనంతపురం, చిత్తూరు, కడప, కర్నూలు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని 600కు పైగా జనావాసాలలో ఇది అమలైంది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో స్వచ్ఛంద సంస్థలు దీన్ని నడిపాయి. ఇందులో రెవెన్యూ గ్రామాన్ని కాక వాగు పరీవాహక ప్రాంతాన్ని ప్రమాణంగా తీసుకున్నారు. గ్రామస్థాయి సంఘాలకు పైన ఆ వాగు పరిధిలోని ఊళ్లన్నిటికీ ఉమ్మడి సమాఖ్య ఉండేది.

3. లెక్క కట్టే విధానం:
రైతులే వర్షమాపకంలో వానను, ఎంపిక చేసిన బోరుబావుల్లో పదిహేను రోజులకొకసారి నీటిమట్టాన్ని కొలిచి నమోదు చేసేవారు. నైరుతి ఋతుపవనాలు ముగిశాక, రబీ విత్తనానికి ముందు అందరూ సమావేశమయ్యేవారు. భూమిలోకి ఇంకిన నీరు, ఖరీఫ్‌లో వాడిన నీరు, మిగిలిన నిల్వ, రబీకి అనుకున్న పంటల అవసరం అనే అంశాలను పక్కపక్కన పెట్టి లోటు ఉందో మిగులు ఉందో తేల్చేవారు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఎకరం నేలపై ఒక మిల్లీమీటరు నీరంటే సుమారు 4,047 లీటర్లు. వరికి 1,200 మిల్లీమీటర్లు, వేరుశనగకు 500 మిల్లీమీటర్లు అవసరమని అనుకుంటే, ఒక ఎకరం వరికి పట్టే నీటితో దాదాపు రెండున్నర ఎకరాల వేరుశనగ పండుతుంది. 'నీరు పొదుపు చేయండి' అన్న ఉపదేశం కంటే ఈ అంకె రైతుకు సూటిగా అర్థమవుతుంది.

4. బలం, పరిమితి:
ఈ ప్రాంతాల్లో అధికభాగం గ్రానైట్, నైస్ వంటి కఠినశిలలు. వాటిలో నిల్వ తక్కువ, అది ఏటా వానతో నిండి వాడకంతో తరుగుతుంది. కాబట్టి పంట మార్పు ఫలితం కొద్ది కాలంలోనే ఆ ఊరికే కనబడే అవకాశం ఉంది. ఏటేటా లెక్కించే పద్ధతికి ఈ భౌతికస్థితి అనుకూలించింది. భూగర్భజలాలపై ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన నివేదిక కూడా ఈ ప్రయోగాన్ని సానుకూలంగా చర్చించింది.

అయితే సమావేశం తేల్చిన లెక్క ఎవరినీ నిర్బంధించదు. లోటు తెలిశాక కూడా వరి వేయాలా, మానాలా అన్నది రైతు ఇష్టమే. ఎగువ ఊరు వాడకం తగ్గిస్తే మిగిలిన నీటిని దిగువన తవ్విన కొత్త బోరు తోడేయవచ్చు. బోరు తవ్వకాన్ని నియంత్రించే జల, భూమి, వృక్ష సంరక్షణ చట్టం 2002లోనే వచ్చింది. కానీ అది ప్రధానంగా అధికారుల అనుమతులపై ఆధారపడింది, పంటల ఎంపికను ఊరి లెక్కతో ముడిపెట్టలేదు. 2004 నుంచి అమలైన వ్యవసాయ ఉచిత విద్యుత్తు వల్ల అదనంగా తోడే నీటికి రైతుపై కరెంటు ఖర్చూ లేకపోయింది.

5. ముగింపు:
ఈ అనుభవం రెండు విషయాలను స్పష్టం చేస్తుంది. కొలత లేనిదే పంపకం సాధ్యం కాదు. ఆ కొలతను రైతులే చేయగలరు. అయితే కొలత ఒక్కటే పంపకం కాదు. బోరు లేని చిన్నరైతుకు, ఊరి తాగునీటి బావికి ఆ లెక్కలో ముందుగా వాటా కేటాయించి, దానిని కాపాడే కట్టుబాటు ఉండాలి. చెరువు కింద నీరటి ద్వారా అమలైన ఉమ్మడి నియమానికి సమానమైనది భూగర్భజలానికి ఇంకా ఏర్పడలేదు. పంట - నీటి లెక్క దానికి పునాది మాత్రమే.